హార్డ్‌వేర్ వాలెట్ ఎలా ఎంచుకోవాలి: కొనేముందు నుంచి మొదటి బదిలీ దాకా

2024 జులై 18న వజీర్‌ఎక్స్ అనే ఎక్స్ఛేంజ్ (క్రిప్టో కొని అమ్మే వేదిక) నుంచి 23 కోట్ల డాలర్లకు పైగా విలువైన క్రిప్టో దొంగల పాలైంది. ఖాతాదారుల సొమ్ము ఏడాదికి పైగా అందులోనే ఇరుక్కుపోయింది. "సొమ్ము ఎక్స్ఛేంజ్‌లో కాదు, మన చేతిలో ఉండాలి" అనే మాట అప్పటి నుంచి మన దగ్గర గట్టిగా వినిపిస్తోంది. మాట నిజమే. అయితే దొంగలు ఖాళీ చేసిన ఆ ఎక్స్ఛేంజ్ వాలెట్‌కు డిజిటల్ సంతకాలు పెట్టినవాళ్ల చేతుల్లోనూ హార్డ్‌వేర్ వాలెట్లే (క్రిప్టో తాళాలను దాచే చిన్న పరికరాలు) ఉన్నాయన్న సంగతి చాలామంది పట్టించుకోలేదు. కంప్యూటర్ తెర మీద కనిపించిన లావాదేవీ ఒకటి, పరికరం సంతకం చేసింది ఇంకొకటి. 2025 ఫిబ్రవరి 21న బైబిట్ అనే ఎక్స్ఛేంజ్ నుంచి సుమారు 150 కోట్ల డాలర్ల ఈథర్ (ఈథీరియం నెట్‌వర్క్ నాణెం) పోయినప్పుడూ అదే తంతు.

కాబట్టి వాలెట్ కొనేవాళ్లు ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. బటన్ నొక్కేముందు ఏం పంపుతున్నామో, ఎవరికి పంపుతున్నామో పరికరం తెర మీదే పూర్తిగా చదవగలమా? రేపు ఆ పరికరం పోయినా, ఆ కంపెనీయే మూతపడినా, వేరే కంపెనీ పరికరంలో మన సొమ్ము తెరవగలమా? చిప్ గ్రేడు, "వేలకొద్దీ నాణేలకు సపోర్ట్", బ్లూటూత్ వంటివన్నీ వీటి తర్వాతే.

పరికరంలో నిజంగా ఉండేది

నాణేలు పరికరంలో ఉండవు. అవి బ్లాక్‌చైన్ అనే ఉమ్మడి ఆన్‌లైన్ పద్దు మీదే ఉంటాయి. వాటిని కదిలించే ప్రైవేట్ కీ (రహస్య తాళంచెవి) మాత్రం పరికరంలో ఉంటుంది. ఫోన్ లేదా కంప్యూటర్ లావాదేవీని తయారుచేసి పంపిస్తే, పరికరం లోపలే సంతకం చేసి సంతకాన్ని మాత్రం బయటకు ఇస్తుంది. కంప్యూటర్‌లో వైరస్ ఉన్నా కీ దాని చేతికి చిక్కదు. కానీ ఆ వైరస్ మీచేత తప్పుడు లావాదేవీ మీద సంతకం చేయించగలదు. దాన్ని పట్టుకునే అవకాశం పరికరం తెర దగ్గర ఒక్కచోటే ఉంది.

ఆ కీలన్నీ పుట్టేది 12 లేదా 24 ఇంగ్లిష్ పదాల నుంచి. బిప్39 అనే ప్రమాణంలో 2,048 పదాల జాబితా ఉంది. పరికరం అందులోంచి పదాలు ఎంచి, ఒక వరుసలో ఇస్తుంది. ఆ పదాలు ఎవరి దగ్గర ఉంటే సొమ్ము వాళ్లది. పరికరాన్ని మళ్లీ కొనుక్కోవచ్చు, పదాలు పోతే మాత్రం తిరిగి పుట్టించేవాళ్లు లేరు.

కొనేముందు తేల్చుకోవలసినవి

మొదటగా, మీరు వాడే ఎక్స్ఛేంజ్ నాణేలను బయటి వాలెట్‌కు పంపనిస్తుందా లేదా చూడండి. మన దేశంలో కొన్ని యాప్‌లు కొనడం, అమ్మడం మాత్రమే ఇచ్చి, విత్‌డ్రాను అసలే ఇవ్వకపోవడమో, కొన్ని నాణేలకే ఇవ్వడమో, అదనపు కేవైసీ అడగడమో చేస్తాయి. రూపాయల విత్‌డ్రా వేరు, క్రిప్టో విత్‌డ్రా వేరు. యాప్‌లో మీ నాణెం తెరిచి, "సెండ్" లేదా "విత్‌డ్రా" నొక్కి, బయటి వాలెట్ అడ్రస్ (ఖాతా నంబరు లాంటిది) పెట్టే చోటు వస్తోందా, ఏ నెట్‌వర్క్‌లు (బ్లాక్‌చైన్‌లు) చూపిస్తోంది, ఫీజు ఎంత అన్నవి రాసుకోండి. ఇది చూడకుండా వాలెట్ కొంటే అది సొరుగులో ఖాళీగా పడి ఉంటుంది.

రెండోది మొత్తం. పది, ఇరవై వేల రూపాయల క్రిప్టో ఉన్నవాళ్లు హార్డ్‌వేర్ వాలెట్ కొనడం మా లెక్కలో దండగ. ట్రెజర్ కంపెనీ సేఫ్ 3 లాంటి చిన్న పరికరం విడుదలైనప్పటి ధరే 79 డాలర్లు. విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం, జీఎస్టీ, కొరియర్ ఖర్చు దాని మీద పడతాయి. ఆపైన పదాలు చెక్కి దాచుకోవడానికి స్టీలు పలక, విత్‌డ్రా ఫీజులు. ఈ ఖర్చు మీ సొమ్ములో ఐదు శాతం దాటకపోతే కొనే సంగతి ఆలోచించండి.

మూడోది మీ ఫోన్. ఆండ్రాయిడ్‌లో చాలా పరికరాలు కేబుల్‌తో పనిచేస్తాయి. ఐఫోన్‌లో అలా కాదు. ట్రెజర్ సేఫ్ 3, సేఫ్ 5లను ఐఫోన్‌కు కేబుల్‌తో కలిపి లావాదేవీ చేయడం కుదరదు, కంప్యూటర్ కావాలి. ఇంట్లో ల్యాప్‌టాప్ లేకుండా ఐఫోన్ ఒక్కటే ఉంటే లెడ్జర్ నానో ఎక్స్, ఫ్లెక్స్ లాంటి బ్లూటూత్ ఉన్నవి చూసుకోవాలి. బ్లూటూత్ అనగానే భయపడనక్కర్లేదు, కీ గాల్లో ప్రయాణించదు. అసలు ఇబ్బంది బ్యాటరీతో. ఏళ్ల తరబడి బీరువాలో పడి ఉండే పరికరంలో బ్యాటరీ నీరసించిపోతుంది. కొని దాచిపెట్టేవాళ్లకు బ్యాటరీ లేని సేఫ్ 3, నానో ఎస్ ప్లస్ లాంటివే మేలు.

నాలుగోది మీ దగ్గరున్న నాణేలు. "5,000 నాణేలు" అని పెట్టె మీద రాసి ఉన్నా, మీ నాణెం ఆ కంపెనీ సొంత యాప్‌లో కనిపిస్తుందా, మెటామాస్క్ వంటి వేరే యాప్‌కు కలిపితేనే వస్తుందా అన్నది కంపెనీ సైటులో పేరుపేరునా వెతకాలి. ఉదాహరణకు పాత ట్రెజర్ వన్‌లో ఎక్స్‌ఆర్‌పీ, కార్డానో పనిచేయవు.

తెర

ఈథీరియం అడ్రస్ 42 అక్షరాలు. బీసీ1క్యూతో మొదలయ్యే బిట్‌కాయిన్ అడ్రస్ కూడా మామూలుగా 42 అక్షరాలే, బీసీ1పీతో మొదలయ్యేది 62. చిన్న తెరలో ఇవి రెండు మూడు పేజీలుగా వస్తాయి. బిట్‌కాయిన్ ఒక్కటే దాచుకునేవాళ్లకు అది సమస్య కాదు. ఏడాదికి నాలుగైదుసార్లు పేజీలు తిప్పి చదవడం ఎవరికైనా సాధ్యమే.

ఈథీరియం మీద డీఫై (బ్యాంకు లాంటి మధ్యవర్తి లేని క్రిప్టో సేవలు), స్వాప్ (నాణేల మార్పిడి), స్టేకింగ్ (రాబడి కోసం నాణేలను కట్టిపెట్టడం) చేసేవాళ్ల సంగతి వేరు. అక్కడ ఒక్కో లావాదేవీలో కాంట్రాక్ట్ (బ్లాక్‌చైన్ మీద నడిచే ప్రోగ్రామ్) అడ్రస్, పిలిచే ఫంక్షన్, అనుమతి మొత్తం అన్నీ ఉంటాయి. పరికరానికి అవి అర్థమైతే "ఫలానా కాంట్రాక్ట్‌కు ఇంత యూఎస్‌డీటీ ఖర్చుపెట్టే అనుమతి" అని చూపిస్తుంది. యూఎస్‌డీటీ అంటే డాలర్ విలువకు కట్టిన నాణెం. ఇలా విడమరిచి చూపించడాన్ని క్లియర్ సైనింగ్ అంటారు. అర్థం కాకపోతే మనిషి చదవలేని పొడవాటి హెక్స్ వరుసో, దానికి గుర్తుగా ఒక హాష్ మాత్రమో చూపించి సంతకం అడుగుతుంది. దానికి బ్లైండ్ సైనింగ్ అని పేరు. ఖాళీ స్టాంపు పేపరు మీద వేలిముద్ర వేయడం లాంటిదే అది. వజీర్‌ఎక్స్, బైబిట్ రెండు చోట్లా దెబ్బ తగిలింది ఇక్కడే. డీఫై వాడేవాళ్లు 1.54 అంగుళాల టచ్ తెర ఉన్న సేఫ్ 5, 2.8 అంగుళాల లెడ్జర్ ఫ్లెక్స్, 4 అంగుళాల కీస్టోన్ 3 ప్రో వైపు చూడాలి. పెద్ద తెర ఉంటే సరిపోదు, మీరు వాడే యాప్‌ల లావాదేవీలను ఆ పరికరం విడమరిచి చూపిస్తుందా లేదా కూడా కనుక్కోవాలి.

ట్యాంజెమ్ కార్డులు జేబులో పట్టేలా ఉంటాయి, ఫోన్‌కు తాకిస్తే పనిచేస్తాయి, వాడటం చాలా తేలిక. కానీ వాటికి తెరే లేదు. ఏం సంతకం చేస్తున్నామో ఫోన్ చెప్పినట్టే నమ్మాలి. ఫోన్‌లో వైరస్ చేరి అబద్ధం చెబితే తెలుసుకునే దారి లేదు. పైగా మామూలుగా సెట్ చేస్తే పదాలు ఇవ్వకుండా రెండో మూడో కార్డులనే బ్యాకప్‌గా పెడుతుంది. కార్డులన్నీ పోతే సొమ్మూ పోయినట్టే. చిన్న మొత్తాలకు సరే, జీవితకాలపు పొదుపుకు మేం వద్దంటాం.

కంపెనీలు, వాటి మంచిచెడ్డలు

ట్రెజర్‌ను తయారుచేసేది ప్రాగ్ నగరంలోని సతోషీల్యాబ్స్. 2014లో వీళ్లు తెచ్చిన ట్రెజర్ వన్‌తోనే ఈ వ్యాపారం మొదలైందని చెప్పవచ్చు. ఫర్మ్‌వేర్ (పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) కోడ్ మొత్తం బహిరంగం, ఎవరైనా చదవవచ్చు. బలహీనత ఎక్కడంటే, వన్, మోడల్ టీలలో సెక్యూర్ చిప్ (రహస్యాలను కాపాడే ప్రత్యేక చిప్) లేదు. పరికరం చేతికి చిక్కితే 15 నిమిషాల్లో అందులోంచి పదాలను లాగవచ్చని క్రాకెన్ సంస్థ భద్రతా బృందం 2020 జనవరిలో చేసి చూపించింది. 2023లో వచ్చిన సేఫ్ 3, 2024లో వచ్చిన సేఫ్ 5లలో సెక్యూర్ చిప్ చేర్చారు. ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లు వన్ జోలికి వెళ్లనక్కర్లేదు, ఎంత చవకగా వచ్చినా సరే.

ఫ్రాన్స్‌కు చెందిన లెడ్జర్ మొదటి నుంచీ సెక్యూర్ చిప్ వాడుతోంది, యాప్ కూడా సాఫీగా ఉంటుంది. అయితే చిప్‌లో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ కోడ్ బహిరంగం కాదు. 2023 మేలో ఈ కంపెనీ "రికవర్" అనే చందా సేవను ప్రకటించింది. పదాలకు మూలమైన రహస్యాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి, మూడు ముక్కలుగా మూడు సంస్థల దగ్గర పెట్టి, గుర్తింపు కార్డు చూపిస్తే తిరిగి ఇచ్చే ఏర్పాటు అది. కీ ఎన్నటికీ పరికరం దాటదని నమ్మినవాళ్లు మండిపడ్డారు. మీరు చందా కట్టకపోతే మీ పరికరంలో ఏమీ జరగదు. కానీ ఫర్మ్‌వేర్ రాసే కంపెనీని నమ్మక తప్పదని ఆ గొడవ అందరికీ తెలియజెప్పింది. నిజానికి అది ఏ కంపెనీకైనా వర్తిస్తుంది.

స్విట్జర్లాండ్ వారి బిట్‌బాక్స్02 చిన్నది, కోడ్ బహిరంగం, సెక్యూర్ చిప్ ఉంది, బ్యాకప్‌ను మైక్రోఎస్‌డీ కార్డు మీద రాస్తుంది, అడిగితే పదాలూ చూపిస్తుంది. కెనడా వారి కోల్డ్‌కార్డ్ బిట్‌కాయిన్‌కు మాత్రమే. కంప్యూటర్‌కు కలపకుండానే మైక్రోఎస్‌డీ కార్డు మీద లావాదేవీలు అటూ ఇటూ మోయవచ్చు. చాలా గట్టిది. కానీ మొదటిసారి వాడేవాళ్లు దాని మెనూల్లో దారి తప్పుతారు.

మా మాట ఇది. బిట్‌కాయిన్, కొద్దిగా ఈథర్ కొని దాచుకునేవాళ్లకు సేఫ్ 3 లేదా బిట్‌బాక్స్02 చాలు. ఐఫోన్ ఒక్కటే ఉన్నవాళ్లకు లెడ్జర్. డీఫై వాడేవాళ్లకు పెద్ద తెర, దాంతోపాటు ఒక నియమం కూడా కావాలి, అది కింద చెబుతాం.

ఎక్కడ కొనాలి

కంపెనీ సొంత సైటులో, లేదా ఆ సైటు తన అధీకృత రీసెల్లర్ల జాబితాలో చూపించిన దుకాణంలో. జాబితాను కంపెనీ సైటులోనే చూడండి, అమ్మేవాడి పేజీలో ఉన్న ముద్రను నమ్మకండి. సెకండ్ హ్యాండ్ వద్దు. "అమెరికా నుంచి మా బావ తెచ్చాడు, సీలు కూడా తీయలేదు" అన్నదీ వద్దు.

ఎందుకో 2023లో కాస్పర్‌స్కీ సంస్థ విప్పి చూపిన నకిలీ ట్రెజర్ మోడల్ టీ చెబుతుంది. పెట్టె, సీలు, తెర అన్నీ అసలువాటిలాగే ఉన్నాయి. లోపలి చిప్ మార్చేశారు. యాదృచ్ఛికంగా పుట్టాల్సిన పదాల బదులు, దొంగ ముందే సిద్ధం చేసుకున్న 20 వరుసల్లోంచి ఒకటి ఇచ్చేలా ఫర్మ్‌వేర్ రాశారు.  పరికరం కంప్యూటర్‌కు కలిపి లేని సమయంలోనే 1.33 బిట్‌కాయిన్ మాయమైంది.

ఆర్డర్ పెట్టేటప్పుడు ఇంకో జాగ్రత్త. 2020లో లెడ్జర్ ఆన్‌లైన్ దుకాణం డేటా బయటపడి, సుమారు 2,72,000 మంది పేర్లు, ఇంటి అడ్రస్‌లు, ఫోన్ నంబర్లు ఇంటర్నెట్‌లో తేలాయి. ఆ మరుసటి ఏడాది కొందరి ఇళ్లకు "మీ పాతది ప్రమాదంలో ఉంది, ఇది వాడండి" అంటూ నకిలీ పరికరాలే పోస్టులో వచ్చాయి. కాబట్టి కొనడానికి విడిగా ఒక ఈమెయిల్ వాడండి. ఆఫీసు అడ్రస్‌కు తెప్పించుకోగలిగితే అలాగే చేయండి. వచ్చాక వాట్సాప్ స్టేటస్‌లో ఫొటో పెట్టకండి.

పెట్టె విప్పాక

యాప్‌ను గూగుల్‌లో వెతికి, పైన వచ్చిన ప్రకటన నొక్కి దించుకోకండి. ట్రెజర్ డాట్ ఐఓ, లెడ్జర్ డాట్ కామ్ అని మీరే టైప్ చేసి, అక్కడి లింకు నుంచే వెళ్లండి. యాప్ స్టోర్‌లో ఉందంటే అసలుదే అనుకోవడానికి లేదు. 2023 నవంబరులో మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోనే నకిలీ లెడ్జర్ లైవ్ యాప్ కూర్చుని సుమారు 16.8 బిట్‌కాయిన్‌లు దోచింది.

పెట్టెలో ముందే పదాలు రాసి ఉన్న కార్డు, లేదా "మీ పిన్ ఇది" అనే చీటీ ఉంటే అక్కడితో ఆపేయండి. ఆ పరికరం దొంగది. కొత్త ట్రెజర్ ఫర్మ్‌వేర్ లేకుండా వస్తుంది, మొదటిసారి కలిపినప్పుడే యాప్ దాన్ని ఎక్కిస్తుంది. ముందే ఫర్మ్‌వేర్ ఉందని యాప్ చెబితే అనుమానించాలి. సేఫ్ వరుస పరికరాల్లోనూ, లెడ్జర్‌లోనూ చిప్ అసలుదేనా అని కంపెనీ సర్వర్‌తో సరిచూసే పరీక్ష ఉంటుంది. తొందరలో దాన్ని దాటవేయకండి.

యాప్ పరికరాన్ని గుర్తించకపోతే చాలాసార్లు తప్పు కేబుల్‌దే. ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుళ్లలో డేటా తీగలు ఉండవు. పెట్టెలో వచ్చిన కేబుల్ వాడండి. ఒప్పో, రియల్‌మీ, వన్‌ప్లస్ ఫోన్లలో సెట్టింగ్స్‌లో ఓటీజీ (ఫోన్‌కు వేరే పరికరాన్ని కలిపే సదుపాయం) విడిగా ఆన్ చేయాలి. పది నిమిషాలు వాడకపోతే అది దానంతటదే ఆఫ్ అవుతుంది. పని మధ్యలో కనెక్షన్ పోయిందంటే కారణం ఇదే కావచ్చు.

కొత్త వాలెట్ సృష్టించేటప్పుడు సేఫ్ 3, సేఫ్ 5 మామూలుగా 20 పదాల బ్యాకప్ ఇస్తాయి. ఇది స్లిప్39 అనే వేరే ప్రమాణం. లెడ్జర్‌లో తెరుచుకోదు. మొదట్లో వేసుకున్న రెండో ప్రశ్న ఇక్కడ అక్కరకొస్తుంది. ఏ కంపెనీ పరికరంలోనైనా తెరవగలగాలంటే బ్యాకప్ రకం దగ్గర 12 లేదా 24 పదాలది ఎంచుకోండి. 12 చాలు. అది 128 బిట్ల బలం, ఊహించి పట్టుకోవడం అసాధ్యం. 24 రాస్తే రాసే తప్పులకు రెట్టింపు చోటు.

పదాలు పరికరం తెర మీద మాత్రమే కనిపించాలి. ఫోన్‌లో, కంప్యూటర్‌లో కనిపిస్తే ఏదో తేడా ఉన్నట్టే. కాగితం మీద బాల్ పెన్నుతో, వరుస నంబర్లతో, ఇంగ్లిష్ పెద్దక్షరాల్లోనే రాయండి. ఇంట్లోవాళ్లకు తెలియాలని తెలుగు లిపిలో రాస్తే చిక్కు. "రైట్" అని రాసుకుంటే కుడి అన్న అర్థంలోదా, రాయడం అన్న అర్థంలోదా? రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. ప్రతి పదంలో మొదటి నాలుగు అక్షరాలు స్పష్టంగా ఉంటే చాలు, ఆ నాలుగింటితోనే ఏ పదమో తేలిపోతుంది.

ఫొటో తీయకండి. 2025 ఫిబ్రవరిలో బయటపడ్డ స్పార్క్‌క్యాట్ అనే మాల్వేర్ ప్లే స్టోర్, యాప్ స్టోర్ రెండింట్లోని యాప్‌లలో దాక్కుని, గ్యాలరీలోని ఫొటోల్లో ఉన్న అక్షరాలు చదివి రికవరీ పదాలు వెతికేది. జిరాక్స్ షాపు, వాట్సాప్‌లో సొంత నంబరుకు మెసేజ్, జీమెయిల్ డ్రాఫ్ట్, ఇవన్నీ అదే కోవలోకి వస్తాయి.

పిన్‌కు పుట్టినరోజు, బండి నంబరు వద్దు. తప్పు పిన్ లెడ్జర్‌లో 3 సార్లు, బిట్‌బాక్స్‌లో 10 సార్లు, సేఫ్ 3లో 16 సార్లు కొడితే పరికరం తనను తాను చెరిపేసుకుంటుంది. పిల్లలు ఆడుకుని చెరిపేసినా కంగారుపడనక్కర్లేదు, పదాలతో మళ్లీ తెరవవచ్చు. కోల్డ్‌కార్డ్ మాత్రం 13 తప్పులకు శాశ్వతంగా పనికిరాకుండా పోతుంది. అప్పుడు ఇంకోటి కొని అందులో పదాలు ఎక్కించాలి.

సొమ్ము పెట్టేముందు చెరిపి చూడండి

ఎక్కువమంది వదిలేసే మెట్టు ఇదే, అన్నిటికంటే అవసరమైనదీ ఇదే.

వాలెట్ సిద్ధమయ్యాక ఒక రిసీవ్ అడ్రస్ తెరిచి, రాసుకుని, పోగొట్టుకున్నా బాధలేనంత చిన్న మొత్తం దానికి పంపండి. వచ్చాక పరికరాన్ని సెట్టింగ్స్ నుంచి పూర్తిగా చెరిపేయండి. ఇప్పుడు కాగితం మీది పదాలను పరికరంలో ఎక్కించి వాలెట్‌ను "రికవర్" చేయండి (లెడ్జర్ చందా సేవ కాదు). అదే అడ్రస్, అదే మొత్తం కనిపిస్తే మీ కాగితం సరైనదని రుజువైంది. అప్పుడే పెద్ద మొత్తం పంపాలి.

ఇంత పట్టుదల ఎందుకంటే, పదాల్లో చివరిది తప్పు పట్టే పదం. వరుసలో ఒక పదం తారుమారైతే చాలాసార్లు పరికరం ఒప్పుకోదు. కానీ 12 పదాల వరుసలో సగటున 16 తప్పుల్లో ఒకటి, 24 పదాల వరుసలో 256లో ఒకటి ఆ వడపోతను దాటిపోతుంది. అప్పుడు లోపం ఉందని ఏమీ చెప్పదు, వేరే ఖాళీ వాలెట్ తెరుచుకుంటుంది. మూడేళ్ల తర్వాత, పరికరం పాడైన రోజున ఈ సంగతి తెలిస్తే చేయగలిగింది తక్కువ.

వేరే కంపెనీ పరికరంలో తెరిచినప్పుడు మొదటి ఖాతా కనిపించి రెండోది కనిపించకపోతే భయపడకండి. ఈథీరియంలో లెడ్జర్ యాప్, మెటామాస్క్ రెండో ఖాతాకు వేర్వేరు డెరివేషన్ పాత్‌లు (పదాల నుంచి ఖాతాను పుట్టించే దారులు) వాడతాయి. సెట్టింగ్స్‌లో పాత్ మారిస్తే కనిపిస్తుంది. అందుకే పదాల కాగితం పక్కన ఏ యాప్‌తో, ఎన్ని ఖాతాలు చేశారో కూడా రాసి పెట్టుకోవాలి.

పదాల కాపురం

కోస్తా తేమకు కాగితం మెత్తబడుతుంది, చెదలు పడితే మిగిలేది మట్టే. ఒక ప్రతి కాగితం, ఒక ప్రతి స్టీలు ఉంచుకోండి. హార్డ్‌వేర్ షాపులో 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు పలక, ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్ల మందంది, 3 లేదా 4 మిల్లీమీటర్ల అక్షరాల పంచ్ సెట్టు, సుత్తి తీసుకోండి. పదానికి నాలుగు అక్షరాల చొప్పున 12 పదాలకు 48 దెబ్బలే. పలక కింద గట్టి ఇనుప దిమ్మ ఉండాలి, చెక్క మీద పెడితే పలక వంగి అక్షరం సరిగా దిగదు. అల్యూమినియం వద్దు, 660 డిగ్రీలకే కరుగుతుంది. ఇల్లు తగలబడితే అంతకంటే వేడి పుట్టవచ్చు, స్టీలు 1,400 దాకా తట్టుకుంటుంది. నేమ్‌ప్లేట్లు చెక్కే షాపువాడికి ఇచ్చి చెక్కించకండి.

రెండు ప్రతులూ ఒకే ఇంట్లో వద్దు. ఒకటి బ్యాంకు లాకర్‌లో, ఒకటి బీరువాలో పెట్టవచ్చు. పదాలను సగంసగం చేసి రెండు చోట్ల పెట్టడం తెలివైన పనిలా కనిపిస్తుంది. కానీ ఒక సగం పోతే మీకు మొత్తం పోయినట్టే, ఒక సగం దొరికిన దొంగకు మిగతాది ఊహించడం తేలికవుతుంది.

పాస్‌ఫ్రేజ్ అనే అదనపు రహస్యం పెట్టుకుంటే పదాలు దొరికినవాడికి కూడా సొమ్ము దొరకదు. ట్రెజర్ వన్‌లో కనిపెట్టిన లోపం నుంచి కూడా గట్టి పాస్‌ఫ్రేజ్ కాపాడుతుంది. కానీ పాస్‌ఫ్రేజ్‌లో పెద్దక్షరం చిన్నక్షరం తేడా, ఒక స్పేస్ తేడా వచ్చినా పరికరం తప్పని చెప్పదు, కొత్త ఖాళీ వాలెట్ చూపిస్తుంది. మరిచిపోతే ఎవరూ తీయలేరు. మొదటి ఆరు నెలలు దాని జోలికి వెళ్లకండి.

ఎక్స్ఛేంజ్ నుంచి తెచ్చుకోవడం

పరికరంలో రిసీవ్ నొక్కి, యాప్‌లో కనిపించే అడ్రస్, పరికరం తెర మీది అడ్రస్ ఒక్కో అక్షరం సరిచూడండి. కాపీ చేసి ఎక్స్ఛేంజ్‌లో పేస్ట్ చేశాక మళ్లీ సరిచూడండి. క్లిప్‌బోర్డులోని అడ్రస్‌ను మార్చేసే వైరస్‌లు పాతవే, ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

తర్వాత నెట్‌వర్క్. యూఎస్‌డీటీ ట్రాన్ మీద ఉంటే అడ్రస్ ఇంగ్లిష్ టీ అక్షరంతో మొదలవుతుంది, ఈథీరియం, బీఎన్‌బీ చెయిన్ రెండింట్లోనూ సున్నా, ఎక్స్‌తో మొదలవుతుంది. ఈ చివరి రెండింటి మధ్యే తప్పులు ఎక్కువ, ఎందుకంటే అడ్రస్ ఒకేలా ఉంటుంది కాబట్టి ఎక్స్ఛేంజ్ అడ్డుకోదు. అలా పొరపాటు జరిగితే సొమ్ము పోలేదు, అదే అడ్రస్‌ను ఆ రెండో నెట్‌వర్క్‌లో తెరిస్తే ఉంటుంది. తిరిగి పంపాలంటే ఆ నెట్‌వర్క్ సొంత నాణెం ఫీజుకు కావాలి. ట్రాన్ మీది యూఎస్‌డీటీకి కొంత టీఆర్‌ఎక్స్, ఈథీరియం మీది దానికి కొంత ఈథర్ ముందే పెట్టుకోండి. ఎక్స్‌ఆర్‌పీ ఖాతా తెరిచి ఉండటానికి 1 ఎక్స్‌ఆర్‌పీ అందులోనే నిలిచిపోతుంది. ఎక్స్ఛేంజ్‌కు తిరిగి పంపేటప్పుడు డెస్టినేషన్ ట్యాగ్ (అక్కడ మీ ఖాతాను గుర్తించే నంబరు) మరిచిపోతే సపోర్ట్ వాళ్ల వెంటపడాలి.

ముందు చిన్న మొత్తం, అది చేరాక మిగతాది. రెండుసార్లు ఫీజు పడుతుంది, పడనివ్వండి.

పాత లావాదేవీల జాబితాలోంచి అడ్రస్ కాపీ చేసుకునే అలవాటు మానుకోండి. మీరు తరచూ పంపే అడ్రస్‌కు మొదలు, చివర అక్షరాలు సరిపోయేలా ఇంకో అడ్రస్ పుట్టించి, దాన్నుంచి మీకు సున్నా మొత్తం పంపి, ఆ జాబితాలో చోటు సంపాదించే దొంగలున్నారు.

వాడకంలో

డీఫై నియమం ఇదీ. దాచుకునే సొమ్ము ఒక ఖాతాలో, ఆటలాడే సొమ్ము వేరే ఖాతాలో ఉంచండి. దాచుకునే ఖాతాను ఏ వెబ్‌సైటుకూ కలపకండి. ఒక టోకెన్‌కు "అపరిమిత అనుమతి" ఇచ్చి సంతకం చేశాక, ఆ కాంట్రాక్ట్ ఎప్పుడు తీసుకున్నా పరికరం మళ్లీ అడగదు. పాత అనుమతులను నెలకోసారి చూసి రద్దు చేయండి. లెడ్జర్‌లో బ్లైండ్ సైనింగ్‌ను ఆఫ్‌లోనే ఉంచి, తప్పనిసరైతే ఆ ఒక్క పనికి ఆన్ చేసి మళ్లీ ఆఫ్ చేయండి. నమ్మకమైన సైటు కూడా ఒక పూట దొంగల చేతిలోకి వెళ్లవచ్చు. 2023 డిసెంబరులో లెడ్జర్ కనెక్ట్ కిట్ అనే కోడ్‌లో దొంగలు తమ కోడ్ చొప్పించినప్పుడు, దాన్ని వాడే చాలా డీఫై సైట్లు కొన్ని గంటలపాటు వలలుగా మారాయి.

కంపెనీ పేరుతో ఈమెయిల్, ఫోన్, చివరికి క్యూఆర్ కోడ్ ఉన్న పోస్టు ఉత్తరం వచ్చినా పదాలు ఎక్కడా టైప్ చేయకూడదు. పదాలు ఎక్కించే చోటు పరికరం ఒక్కటే. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసేముందు పదాల కాగితం చేతికి అందేలా ఉందో లేదో చూసుకోండి, మధ్యలో కరెంటు పోయి పరికరం చెరిగినా నష్టముండదు.

పదాలు బయటపడ్డాయని అనుమానం వస్తే పిన్ మార్చి లాభం లేదు. పరికరాన్ని చెరిపి లేదా రెండో పరికరంలో కొత్త పదాలతో కొత్త వాలెట్ తయారుచేసి, సొమ్మంతా వెంటనే అక్కడికి పంపాలి. చేతిలో ఒక్క పరికరమే ఉంటే, చెరిపేముందు పాత ఖాతా నుంచి సొమ్మును తాత్కాలికంగా ఎక్స్ఛేంజ్‌కు పంపండి. దొంగతనం జరిగిపోతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, లావాదేవీ హాష్ (దాని గుర్తింపు నంబరు), దొంగ అడ్రస్ ఇవ్వండి. పోయిన నాణేలు ఏదైనా ఎక్స్ఛేంజ్‌కు చేరితే ఆపించే అవకాశం మొదటి గంటల్లోనే ఉంటుంది.

పన్ను, కుటుంబం

మీ ఎక్స్ఛేంజ్ ఖాతా నుంచి మీ సొంత వాలెట్‌కు పంపడం అమ్మకం కాదు, కాబట్టి దాని మీద 30 శాతం పన్ను పడదు. కానీ రేపు అమ్మినప్పుడు కొన్న ధర చూపించాల్సింది మీరే. ఎక్స్ఛేంజ్ స్టేట్‌మెంట్లు ఇప్పుడే దించుకుని, ఏ తేదీన ఎంత, ఏ హాష్‌తో తరలించారో రాసుకోండి. కొన్న ధర తప్ప వేరే ఖర్చేదీ తగ్గించుకోవడానికి చట్టం ఒప్పుకోదు. వాలెట్ ధర కూడా లెక్కలోకి రాదు. నేరుగా వ్యక్తికి అమ్మితే 1 శాతం టీడీఎస్ సంగతి చూసుకోవాలి. అమెరికాలో ఉన్నవాళ్లకు 2025 జనవరి 1 నుంచి కొన్న ధరను వాలెట్ వారీగా లెక్క చూపాలన్న నియమం ఉంది, కాబట్టి తరలించిన ప్రతిసారీ ఆ లెక్క కూడా వెంట రావాలి.

ఈ వాలెట్‌కు నామినీ ఫారం ఉండదు. మీకేమైనా అయితే ఇంట్లోవాళ్లకు తెలియాల్సినవి ఒక ఉత్తరంలో రాసిపెట్టండి: ఏ పరికరం, ఎక్కడుంది, పదాల ప్రతులు ఎక్కడున్నాయి, పాస్‌ఫ్రేజ్ ఉందా, ఏ యాప్, ఎవరి సాయం అడగవచ్చు, ఎవరికి పదాలు చూపకూడదు. పదాలు ఆ ఉత్తరంలో రాయకండి. ఆ ఉత్తరం చదివే మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, చిన్న మొత్తం ఉన్న వాలెట్‌ను వాళ్లచేతనే ఒకసారి రికవర్ చేయించండి. మీరు నోరు మెదపకుండా వాళ్లు ఎక్కడ ఆగిపోయారో చూసి, ఉత్తరంలో అక్కడ ఇంకో వాక్యం చేర్చండి.